ఖాళీగానే ఉన్నావు కదా

చెల్లెలి ఇంట్లో దిగి గంట కాకముందే సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతున్నాను. తోమమని ఎవరూ అనలేదు. నా చేతిలోంచి బ్యాగు అందుకుంటూ, "నువ్వొస్తున్నావు కదా అని పనమ్మాయికి పది రోజులు సెలవిచ్చేశానక్కా. పాపం, ఎప్పట్నుంచో అడుగుతోంది" అని మాత్రం అంది. పనమ్మాయి మీద దానికున్న జాలికి ముచ్చటేసింది.

నేను ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషిని. పదకొండేళ్ళు ఒకే ఆఫీసులో గీశాను. ఏ గది ఎంత, తలుపు ఎటు తెరుచుకోవాలి, వంటగట్టు ఎంత ఎత్తుండాలి, టేపు పెట్టకుండానే చెప్పగలను. ఈమధ్య ఆ ఆఫీసు మూసేశారు. అదృష్టం బాగుండి ఇంకోచోట పని దొరికింది, చేరడానికి ఐదు వారాల గడువుంది. పెళ్ళయ్యాక నాకంటూ ఐదు రోజులు కూడా దొరకలేదు. ఐదు వారాలు ఒక్కసారిగా చేతికొస్తే ఏం చేసుకోవాలో తోచక, అయినవాళ్ళందర్నీ ఓసారి చూసొస్తానన్నాను. "వెళ్ళిరా. ఖాళీగానే ఉన్నావు కదా" అన్నాడు మా ఆయన. బస్సు టికెట్లు కూడా తనే కొన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. నాకేమో సంతోషం పొంగుకొచ్చింది. బుద్ధి లేకపోతే సరి.

చెల్లి వంటింట్లో గట్టు ఎవరో ఆరడుగుల మనిషి కోసం కట్టినట్టు ఉంటుంది. చెల్లి పీట మీద నిలబడి వంట చేస్తుంది. ఆ ఇంట్లో ఆరడుగుల మనిషి దాని మొగుడొక్కడే, ఆయన మంచినీళ్ళకి తప్ప వంటింట్లో అడుగుపెట్టడు. పొద్దున్నే పిల్లలిద్దర్నీ లేపడం, డబ్బాలు సర్దడం, బడికి దింపడం, వచ్చి బట్టలు ఉతికి ఆరేయడం, మళ్ళీ బడికి పరిగెత్తడం. నాలుగో రోజుకి నా కాళ్ళకి ఆ దారి కంఠస్థమైపోయింది. "వదినగారుంటే ఇల్లెంత ప్రశాంతంగా ఉందో!" అన్నాడు మరిది, పేపర్లోంచి తల ఎత్తకుండానే. కోపం తెచ్చుకుందామనుకున్నాను కానీ, మధ్యాహ్నాలు చెల్లి నోరు తెరుచుకుని, ఒంటి మీద స్పృహ లేకుండా రెండేసి గంటలు నిద్రపోయేది. ఎన్నేళ్ళ నిద్ర బాకీ పడిందో.

బయల్దేరే రోజున అది నా చెయ్యి పట్టుకుని, "ఇంక ఉద్యోగం గొడవ లేదు కాబట్టి నెలకోసారి వచ్చి పోతూ ఉండక్కా" అంది.

"గొడవ లేకపోవడమేమిటే? ఒకటో తారీకున చేరాలి నేను."

"అవునా? బావ అలా చెప్పలేదే!" అంటూనే, చిన్నాడు ఏడుస్తున్నాడని లోపలికి పరిగెత్తింది. విన్నది సరిగ్గా వినుండదులే అనుకున్నాను.

అక్కణ్ణుంచి స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. ఇప్పుడు ఇంటి ముందు గదిలో కుట్టు మిషన్లు పెట్టుకుని నడుపుతోంది. తెల్లవార్లూ మాట్లాడుకుందామని ఆశపడి వెళ్ళాను. అది కాఫీ ఇచ్చి, బల్ల తుడిచి, ఇంత పెద్ద కాగితం పరిచింది. "మేడ మీద రెండు గదులు వేద్దామనుకుంటున్నామే. నీకిది చిటికెలో పని." చిటికె మూడు రోజులు పట్టింది. రెండో రోజు వాళ్ళాయన పక్కింటాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు, వాళ్ళకీ మెట్ల దగ్గర ఏదో ఇబ్బందిట. "ఖాళీగా ఉండటంకన్నా నయం కదమ్మా, చేతి అలవాటు తప్పిపోకుండా ఉంటుంది" అని నాకు ధైర్యం చెప్పాడు పక్కింటాయన. నా చేతి అలవాటు నిజంగానే తప్పలేదు. మెట్లు కూడా గీసిచ్చాను.

మూడో రోజు స్నేహితురాలు మిషన్ ఆపి నా పక్కన కూర్చుంది. "మీ ఆయన ఫోన్ చేశాడే, నువ్వొచ్చేముందు. ఉద్యోగం మానేసి దిగులుగా ఉన్నావట, కాస్త నవ్వించి పంపమన్నాడు. అందుకే నీకింత పని పెట్టాను, మనసు మళ్ళుతుందని." ఇద్దరం నవ్వాం. నా నవ్వు మధ్యలో ఆగిపోయింది.

వీధిలోకి వచ్చి ఫోన్ చేశాను. "అందరికీ అలా ఎందుకు చెప్పారు?"

"ఆఫీసు మూసేశారంటే చిన్నతనంగా ఉంటుందని, నువ్వే మానేశావని చెప్పా. నీ పరువు కాపాడితే దానికీ రాద్ధాంతమేనా?" అన్నాడు. "ముందు మా అక్క దగ్గరికెళ్ళు. మోకాలి ఆపరేషనయి పడుకునుంది. రోజూ నిన్నే తలుచుకుంటోంది."

వదిన నిజంగానే నన్ను తలుచుకుంటోంది. గుమ్మంలో చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ గదికి బయట నాలుగడుగుల నడవా ఉంది. అందులో రెండున్నర అడుగుల మంచం వేసుంది, పరుపు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. మిగిలిన అడుగున్నరలోంచి పక్కకి తిరిగి నడవాలి. బీరువాలో ఒక అర ఖాళీ చేసి కొత్త కాగితం పరిచారు. "నీ బట్టలు అందులో పెట్టుకో. ఆరు నెలలంటే బ్యాగులోంచి తీసుకుని ఎక్కడ కట్టుకుంటావు?" అంది వదిన.

"మూడు రోజులు ఉండి వెళ్దామని వచ్చాను వదినా."

"అదేమిటే! ఆరు నెలలుంటుందని తమ్ముడు మాటిచ్చాడు. అందుకే కదా నర్సుని మాన్పించేశాను."

కోపంకంటే ముందు భయం వేసింది. ఆవిడని లేపి, నా భుజం మీద బరువు వేసుకుని, బాత్రూముకి నడిపించి తీసుకొచ్చి పడుకోబెట్టాను. మంచి మనిషే. వాళ్ళత్తగారికి ఎనిమిదేళ్ళు సేవ చేసింది, తర్వాత మొగుడికి చేసింది. "నేను చేయలేదా?" అని అడిగే హక్కు ఆవిడకుంది. వరండాలోకొచ్చి కొత్త ఆఫీసుకి ఫోన్ చేశాను.

ఫోన్ తీసినావిడ ఆశ్చర్యపోయింది. "మీరు చేరట్లేదు కదండీ? పోయిన వారం తేదీ ఖాయం చేద్దామని చేస్తే మీది కలవలేదు. దరఖాస్తులో రాసిన రెండో నంబరుకి చేశాం. ఇంటి పరిస్థితుల వల్ల మీరు రాలేరని మీవారు చెప్పారు. వేరే ఆవిడని తీసేసుకున్నాం."

"నన్నొకసారి అడగాల్సింది కదండీ!"

"మీవారే చెప్పారు కదండీ" అంది, అంతకంటే రుజువేం కావాలన్నట్టు. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. ఆ రెండో నంబరు నా చేత్తో నేనే రాశాను, ఒక్క అంకె పోకుండా.

లోపలికి వెళ్ళి వదినకి మాత్రలిచ్చాను. నీళ్ళు తాగేదాకా ఆగి, జరిగింది చెప్పాను. "నర్సుని మళ్ళీ పిలిపించండి వదినా. పొద్దున్న బస్సుకి నేను వెళ్ళిపోతున్నాను."

"ఇంటికా?"

"కాదు. ఆ ఆఫీసుకి. అక్కడ లేదంటే ఇంకో ఆఫీసుకి. మా స్నేహితురాలి మిషన్ల గదిలో పడుకుని వెతుక్కుంటాను."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. తిడుతుందనుకున్నాను. అటు తిరిగే, "నన్ను కూడా ఎప్పుడూ ఎవరూ అడగలేదే" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ దుప్పటి సర్ది బయటికొచ్చేశాను.

అప్పటికి మధ్యాహ్నం మూడయింది. మా ఆయన ఆఫీసులో పెద్దాయన నంబరు నా దగ్గరుంది. మా ఇంటికి రెండుసార్లు భోజనానికి వచ్చారు, నన్ను చెల్లెమ్మా అని పిలుస్తారు. ఫోన్ చేశాను.

"అన్నయ్యగారూ, మావారు రేపట్నుంచి ఆరు నెలలు ఆఫీసుకి రారండీ. వాళ్ళక్కకి ఆపరేషనయింది, దగ్గరుండి చూసుకోవాలి. ఆయన చోటులో ఇంకెవర్నైనా తీసుకోండి."

ఆయన ప్రేమగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు నవ్వారు.

"అదెలా కుదురుతుంది చెల్లెమ్మా? ఒక మనిషి ఉద్యోగం కదా. ఆయన నోటితో ఆయన చెప్పాలి గానీ, భార్య చెప్తే అయిపోతుందా?"