నాలుగు డిగ్రీలు

ఆదివారం పొద్దున ఆరింటికే యేసురాజు వ్యాన్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లాలాగూడ షెడ్డులో ముప్పై ఆరేళ్ళుగా అదే పడక. మోచేతుల మీద కాయలు, జుట్టులో గ్రీజు. ఊళ్ళో బళ్ళ కడుపులన్నీ చూశాడు గానీ సొంతానికి పాత స్కూటర్ కూడా లేదు.

వ్యాన్ షెకీనా అనే అమ్మాయిది. మోకాళ్ళు అరిగిన తొమ్మిదిమంది ముసలమ్మల్ని చర్చికి తీసుకెళ్తుంది. వాళ్ళు ఎక్కలేకపోతున్నారని బండి ఎత్తు తగ్గించి కిందికి దింపించింది. అప్పట్నుంచీ వేగం యాభై దాటితే బండికి చలిజ్వరమే, ఒకటే వణుకు. ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు మోసే షాఫ్టు కీళ్ళు నెలలో మూడు విరిగాయి. రెండు ఆదివారాలుగా ముసలమ్మలు ఇంట్లోనే.

"ఇయ్యాల కాకుంటే రేపు మళ్ల ఎత్తు చేపిస్త అంకుల్. ఇగ వాళ్లు చర్చికి రారు, అంతే."

"జెర ఊకో బిడ్డా. నీ ఫోన్ ఇటియ్యి, వాలు కొలిచేది సూపియ్యి."

ఫోన్ని గేర్‌బాక్స్ మూతికి ఆనించాడు. నాలుగు డిగ్రీలు కిందికి. వెనక ఇరుసు మూతికి ఆనించాడు. సున్నా!

"దొరికిందే తల్లీ!" లేవబోయి నుదురు కొట్టుకున్నాడు. "ఇది షాఫ్టుకు సూటిగ కనబడాలని ఇరుసు సందుల ఇనుప పచ్చర, సీల లెక్క, కొట్టిండ్రు. సూటిగ కాదు, జతగుండాలె! ముందుమూతి ఎంత వాలితే ఎనకమూతి అంత లేవాలె. అప్పుడే దీని వణుకు అది మింగుతది."

"మరి బండి దించిన ఆ ఇంజనీరు, వణుకు పోవాలంటే టైర్లు మార్చుమన్నడు?"

"ఆని మొకం! బండి కింద ఎన్నడన్న పన్నడా?"

వీడియోలు చూసి బళ్ళు దించేవాడు ఇంజనీరు. కింద మసి తినేవాడు 'అరే మిస్త్రీ'. థూ!

పచ్చర ఊడదీశాడు, బోల్టులు బిగించాడు. ఎడమ భుజం లాగితే రుద్దుకున్నాడు. ఫోన్ మళ్ళీ పెట్టాడు. నాలుగు!

తార్నాక వైపు రోడ్డు ఖాళీగా ఉంది. షెకీనా స్టీరింగ్ పట్టింది. యేసురాజు పక్కసీట్లో కూర్చుని స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి డాష్‌బోర్డు మీద పెట్టాడు.

"తొక్కు."

యాభై. అరవై. డెబ్భై. నీళ్ళలో అల లేదు.

"అంకుల్! మక్ఖన్ లెక్క మెత్తగ పోతుంది! ఇప్పుడే పోయి అందర్నీ ఎక్కిచ్చుకుందం, ముందుసీటు నీదే!"

ఆయన నవ్వాడు, తల సీటుకు వాల్చాడు. షెకీనా ఒక్కొక్క ముసలమ్మ పేరూ చెబుతూ పోయింది. ఐదో పేరు దగ్గర తిరిగి చూసింది.

"అంకుల్?"

మెల్లగా బండిని పక్కకు తీసి ఆపింది. ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. నాడి ఆడటం లేదు. చాలాసేపు పట్టుకుంది.

డాష్‌బోర్డు మీద స్టీలు గ్లాసు. దాని చుట్టూ ఒక్క తడిచుక్క లేదు.