మూడు టన్నుల లోపు

ఇనపఊచ ఒక కొసను ఆవిరి గొట్టానికి ఆనించి, రెండో కొసను చెవి కింద దవడ ఎముకకు నొక్కిపెట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు. ముప్పై రెండేళ్లు బాయిలర్ రొద విన్న చెవులవి, మనుషుల మాటలకు ఎప్పుడో సెలవు పెట్టేశాయి. దవడ మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. గొట్టంలో టక్కుమని, ఆగి, మళ్లీ టక్కుమంటే అంతా బాగున్నట్టు. ఆగకుండా సన్నగా ఈల వేస్తే ఎక్కడో ఆవిరి పారిపోతున్నట్టు, దాని వెనకే బొగ్గూ తగలబడిపోతున్నట్టు. ఈ గొట్టానికి ఏ జబ్బూ లేదు. దానిమీద సుద్దముక్కతో గీత గీసి, మోకాళ్లమీద చేతులు పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

బట్టలకు రంగులద్దే ఆ మిల్లులో ఆయన్ని అందరూ ఊచబాబాయి అంటారు. పొట్టి మనిషి. కొలిమి సెగకు కాలిన కనుబొమలు మళ్లీ మొలవలేదు. ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్లు కిందికి జారి ఉంటుంది. అదంతా బొగ్గు పార పట్టిన పుణ్యం.

పొద్దున భార్య క్యారేజీ చేతికివ్వకుండా గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఆవిరి సంగతి తర్వాత, ముందు మీ ఊపిరి సంగతి చూసుకోండి! డాక్టరు ఇంటిపట్టున ఉండమన్నాడా లేదా?" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

"ఈ ఒక్కరోజే. రేపట్నుంచి నువ్వు కూర్చోమన్న చోట కూర్చుంటా."

"మీ రేపటి సంగతి నాకు తెలియనిదా!" అంది గానీ, క్యారేజీ ఇచ్చింది. ఆయన పట్టు ఉడుంపట్టని ఆవిడకు తెలియదా ఏం.

యజమాని బల్ల మీద రెండు కాగితాలు సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. ఒకటి, పాత బాయిలర్ బదులు కొత్త బొగ్గు బాయిలర్‌కి. రెండోది గాలిమరల కరెంటుతో నడిచే బాయిలర్‌కి. ఈ రెండోది గంటకు మూడు టన్నుల ఆవిరికి మించి ఇవ్వలేదు. ఈరోజు ఒంటిగంటకి, మిల్లంతా నడుస్తుండగా, ఆవిరి మీటరు మూడు టన్నుల లోపు చూపిస్తే కరెంటు కాగితం మీద సంతకం. లేదంటే బొగ్గు కాగితం మీద. బొగ్గు బాయిలర్ ఒకసారి వచ్చి కూర్చుందంటే పాతికేళ్లు కదలదు. దానిముందు పార పట్టుకుని నిలబడేవాళ్ల జాబితాలో మొదట ఉన్నది ఊచబాబాయి అన్న కొడుకు. అన్నా అదే పని చేశాడు. నలభై ఎనిమిదో ఏట నల్లటి కళ్లె దగ్గి దగ్గి పోయాడు. బొగ్గు పొగకి లోకమంతా వేడెక్కిపోతోందని మిల్లు ఇంజినీరమ్మాయి బొమ్మలు గీసి చెబితే ఊచబాబాయి శ్రద్ధగా చూశాడు, నమ్మాడు కూడా. కానీ ఆయన్ని పొద్దున్నే మంచం మీంచి లేపుతున్నది లోకం కాదు. ఆ పార అన్న కొడుకు చేతికి పోకూడదు, అంతే.

ఆ ఇంజినీరమ్మాయికి ఆయన పెట్టిన ముద్దుపేరు మీటరమ్మ. ఆరు నెలలుగా ఇద్దరూ కలిసి కారే గొట్టాలన్నీ బాగుచేయించారు. ఒంటిమీద గుడ్డలేని గొట్టాలకు వేడిని బయటికి పోనివ్వని రాతి ఉన్ని చుట్టబెట్టారు. నాలుగుంబావు టన్నులు మూడుంబావుకి దిగింది. అక్కడ మొండికేసింది.

పది గంటలకు మీటరమ్మ గొట్టాల నక్షా పట్టుకుని వచ్చింది. ఆయనకు వినపడాలని మొహంలో మొహం పెట్టి చెప్పింది. "ఇంకా మూడుంబావే బాబాయ్. ఇందులో ఉన్న గొట్టాలన్నీ అయిపోయాయి. ఇంకెక్కడ వెతుకుతాం?"

"ఇందులో లేనిచోట" అన్నాడాయన.

పెద్ద గొట్టం వెంబడే నడిచాడు. పది అడుగులకోసారి ఊచ ఆనించాడు. రంగుతొట్లు దాటాక, బట్టలు మడతపెట్టే షెడ్డు మలుపు దగ్గర దవడకు సన్నటి ఈల తగిలింది. ఈలను పట్టుకుని వెళ్తే అది తిన్నగా భోజనాల గదిలోకి తీసుకెళ్లింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

గోడవారగా ఇనపరేకు బల్ల. దానిమీద పాతిక క్యారేజీలు, వాటిలో తనదీ ఒకటి. పదకొండేళ్ల కిందట, మడతల షెడ్డు ఆడవాళ్లు చల్లారిన తిండి తినలేకపోతున్నారని, ఓ సెలవు రోజున ఆయనే ఆవిరి గొట్టంలోంచి ఓ పాయ చీల్చి ఈ రేకు కిందికి తెచ్చాడు. రెండో కొస గోడ అవతల మురిక్కాలువలోకి వదిలేశాడు. పగలూ రాత్రీ అక్కడ ఆవిరి పోతూనే ఉంది. ఆరు నెలలుగా మిల్లంతా గాలిస్తూ ఆయన రోజూ తన క్యారేజీ ఇక్కడే పెట్టుకున్నాడు. భోజనం వేడిచేసుకోవడాన్ని లీకు అంటారని ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ తనే అయ్యేసరికి ఆయనకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

మడతల షెడ్డులో పెద్దక్క మాటే మాట. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"పెట్టిందీ నువ్వే, పీకేదీ నువ్వేనా బాబాయ్? మా నోటికాడి కూడే దొరికిందా నీకు?"

"కూడు తీయనమ్మా. కూడు కింద మంట తీస్తా. క్యారేజీలు ఇప్పటికే కాలిపోతున్నాయి కదా. ఆ వేడిని బయటికి పోకుండా కట్టేస్తే చాలు."

"వేడిని కట్టేస్తాడట! దూడా అది, గుంజకి కట్టేయడానికి?"

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ఆయనకు సగమే వినపడింది, అయినా తనూ నవ్వాడు. యంత్రాల సామాను వచ్చిన చెక్కపెట్టె ఒకటి ఈడ్చుకొచ్చాడు. గొట్టాలకు చుట్టగా మిగిలిన ఉన్నిని మందపాటి గుడ్డసంచుల్లో కుక్కమంటే, తిట్టుకుంటూనే పెద్దక్క వాటి మూతులు కుట్టింది. అడుగున, నాలుగు పక్కలా, మూత కిందా ఆ సంచుల్ని దట్టించి, బల్ల మీది క్యారేజీలన్నీ పెట్టెలోకి మార్చాడు. మూత బిగించాక ఒంటిగంట దాకా ఎవరూ తీయొద్దన్నాడు.

ఇక మిగిలింది రేకు కిందికి వచ్చే ఆవిరిని ఆపే వాల్వు. పదకొండేళ్లు ఎవరూ తిప్పని చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పానా తగిలించి మొదటిసారి లాగితే కదల్లేదు. రెండోసారి ఎడమచెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. ఆగాడు, చెయ్యి విదిలించాడు. "నేను పట్టనా?" అని పెద్దక్క అడిగితే తల అడ్డంగా ఊపాడు. మూడోసారి కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. చక్రం కిర్రుమని పావు చుట్టు తిరిగింది, తర్వాత సగం, తర్వాత పూర్తిగా.

ఊచ తీసి దవడకు ఆనించుకున్నాడు. ఈల లేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. మీటరు చూడనక్కర్లేదు, ఆయన మనసు నిండిపోయింది.

"మొహం పాలిపోయింది, కాసేపు కూర్చో బాబాయ్" అని పెద్దక్క కిటికీ పక్కన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తన మడతల దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన సగం గ్లాసు తాగి, గోడకు తల ఆనించాడు.

ఒంటిగంటకి మీటరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "రెండు టన్నుల తొమ్మిది వందల కిలోలు! బాబాయ్, మూడు లోపే!" ఆయన పలకలేదు. వినపడలేదనుకుని మొహంలో మొహం పెట్టి మళ్లీ చెప్పింది. ఆ తర్వాత భుజం పట్టుకుని కదిపింది. ఆ తర్వాత ఆ అమ్మాయి నేలమీద కూలబడి, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది.

నాలుగు గంటలకు యజమాని కుర్చీలో కూర్చోకుండా, నిలబడే, కరెంటు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆడవాళ్లు ఆ పూట ముద్ద ముట్టలేదు. పొద్దుగూకే వేళకి ఎవరి క్యారేజీ వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. పిన్నికి అప్పగించాల్సిన బాబాయి వస్తువులు తీసుకుపోవడానికి అన్న కొడుకు వచ్చి పెట్టె మూత ఎత్తాడు. అడుగున ఒక్క క్యారేజీ మిగిలి ఉంది. చేత్తో పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.