గొంతు వెనక చప్పుడు

నేను ఒక గ్రాఫిక్స్ కార్డుని అంటే మీలో సగంమంది పేజీ తిప్పేస్తారని తెలుసు. కాస్త ఆగండి. కంప్యూటరులో బొమ్మలు కదులుతున్నాయంటే ఆ కష్టం నాది. పని ఎక్కువైతే నాకు ఒళ్ళు వేడెక్కుతుంది. అందుకని పుట్టినప్పుడే నాకు రెండు చిన్న ఫ్యాన్లు బిగించారు. వేడెక్కితే మనుషులకి నోరు లేస్తుంది, నాకు ఫ్యాన్లు లేస్తాయి. తేడా అంతే.

ఎక్కడో సముద్రం అవతల ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్ల తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి పెట్టెలో పెట్టేసింది. పెట్టె మీద కత్తి పట్టుకున్న రాక్షసుడి బొమ్మ. నా బతుకంతా యుద్ధాలే అనుకున్నాను. కొన్నాళ్ళు అలాగే గడిచింది కూడా. విజయవాడలో ఒక గేముల షాపులో రెండేళ్ళు ఉన్నాను. కాలేజీ ఎగ్గొట్టి వచ్చినవాళ్ళు "ఒరేయ్, వెనక చూడరా, వెనక" అని ఒకటే అరుపులు. ఒకరోజు ఒకడి వెనక నిజంగానే వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. ఆ గోలలో నేనెంత మోగినా ఎవరికీ వినపడేది కాదు.

షాపు మూసేశాక కోటిలింగం నన్ను కొనుక్కుని చీరాల దగ్గర తన ఊరికి తెచ్చుకున్నాడు. ఇతను పెళ్ళి వీడియోలు తీసి, ఇంట్లోనే మిక్సింగ్ చేస్తాడు. పెళ్ళికొడుకు తల తామరపువ్వులోంచి పైకి రావాలి. పెళ్ళికూతురు చంద్రుడి మీద కూర్చోవాలి. ఇద్దరి చుట్టూ హంసలు తిరగాలి. రాక్షసుల్ని చంపడమే సుఖం అనిపించేది.

ఆ ఇంట్లో కోటిలింగం తల్లి సీతారావమ్మకి చూపు సరిగా ఆనదు. అందుకని కోడలు భ్రమర రోజూ పొద్దున్నే ఆమెకి పేపరు చదివి వినిపిస్తుంది. మామూలుగా భ్రమర నోట్లోంచి మాట రావడమే తక్కువ. పెళ్ళయి ఆరేళ్ళయినా, అత్తకి ఎదురు చెప్పడం నేనొచ్చాక ఒక్కసారీ వినలేదు. కానీ పేపరు చేతికొస్తే మాత్రం ఆమె గొంతు ఎంత నిండుగా ఉంటుందో చెప్పలేను. మిరపకాయల రేటు చదివినా వినబుద్ధేస్తుంది.

ఒక మంగళవారం ఆ గొంతు మస్తాను చెవిన పడింది. ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా ప్రకటనలు వినిపిస్తాడతను. ఏదో వీడియో కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వదినా, ఇంత గొంతు పెట్టుకుని అత్తకి పేపరు చదువుతున్నావా? ఆదివారం బళ్ళో కంటి పరీక్షల శిబిరం. రేపు పొద్దున్నే ఆటో తిరగాలి. నాలుగు ముక్కలు చదివిపెట్టు. బాగుంటే ఇకమీదట నా ప్రకటనలన్నీ నీకే."

భ్రమర తల దించుకుంది, కానీ కాదనలేదు. కాగితం తీసుకుని లోపలికెళ్ళి పదిసార్లు మెల్లగా చదువుకుంది. ఇంట్లో ఎవరి కోసమూ కాకుండా, తన కోసం ఆమె చేసిన మొదటి పని అదే.

మధ్యాహ్నం కోటిలింగం రికార్డు చేశాడు. మస్తాను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, తీసి బల్ల మీద పెట్టాడు.

"గొంతు బంగారం వదినా. వెనక ఆ పిండిమర ఎవరిది?"

"మన కంప్యూటరేరా" అన్నాడు కోటిలింగం.

"ఇది మైకులో పెడితే జనం కళ్ళు చూపించుకోడానికి రారు అన్నా, బియ్యం డబ్బాలు పట్టుకొస్తారు. నాలుగింటికి మళ్ళీ వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే చీరాల స్టూడియోలో చదివించుకుంటా. ఏమనుకోవద్దు."

భ్రమర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పిండిమర నేనే. నా ఒంట్లో ఎన్ని తీగలున్నాయో అన్నీ సిగ్గుపడ్డాయి.

కోటిలింగం ముందు నేనున్న కంప్యూటరు పెట్టె మీద దుప్పటి కప్పాడు. చప్పుడు ఆగాలంటే నోరు మూయాలని మనుషుల లెక్క. నాకు ఉడుకెత్తిపోయి ఇంకా గట్టిగా అరిచాను. దుప్పటి తీసి, హంసల్ని ఆపి, ఫ్యాన్ల వేగం తగ్గించే గీత ఒకటి తెర మీద ఉంటే దాన్ని కిందికి లాగాడు. హోరు తగ్గింది. టకటక మాత్రం పోలేదు. చివరికి కరెంటు తీసేసి పక్క రేకు విప్పాడు. మిరపకాయలు ఆరబోసే కళ్ళాల్లోంచి వచ్చిన దుమ్ము లోపల మెత్తలా పేరుకుంది. దాన్ని బ్రష్షుతో దులుపుతూ నాలుగు తుమ్ములు తుమ్మాడు. అప్పుడు కనపడింది. ఒక ఫ్యాను రెక్క మీద గంధం గడ్డకట్టి ఉంది.

అది దసరా నాటిది. యంత్రాలకి పూజ చేసేటప్పుడు సీతారావమ్మ పట్టుబట్టింది, "లోపల కష్టపడేదాన్ని వదిలేసి పై రేకుకి బొట్టు పెడితే ఏం పుణ్యం రా" అని. ఆ మాటకి నేనూ పొంగిపోయాను. కాకపోతే చూపు ఆనక మూడు బొట్లూ ఒకే రెక్కకి పెట్టింది. ఆనాటి నుంచి ఆ రెక్క బరువుకి కుంటుతూ తిరుగుతున్నాను.

"ఇదా, దసరా గంధం" అంటూ కోటిలింగం చిన్న చాకు తీసి గోకడం మొదలుపెట్టాడు.

"ఏందిరా ఆ గోకుడు? పూజ చేసిన బొట్టు గోకేస్తావా? కూడు పెట్టేదిరా అది" అంది సీతారావమ్మ మంచం మీద నుంచే.

అతను చాకు కింద పెట్టేశాడు. తల్లి మాట దాటడు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

వంటింటి గుమ్మంలోంచి భ్రమర గొంతు వచ్చింది. పేపరు చదివే గొంతే.

"అత్తయ్యా, ప్రతి శుక్రవారం గడప కడిగి, పాత బొట్టు తీసేశాకే కదా మీరు కొత్త బొట్టు పెట్టేది?"

 సీతారావమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఇన్నాళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావే?" అంది. తర్వాత, "తడిగుడ్డ తే. వాడు మోటుగా గోకుతాడు, నేను తుడుస్తా."

ఆమె వేళ్ళతో తడుముకుంటూ నా రెక్క తుడిచింది. గంధం కరిగి పోతుంటే పక్క ఎముక సర్దుకున్నట్టయింది నాకు. తడి ఆరాక రేకు మూశారు. కొత్త బొట్టు పెట్టేటప్పుడు భ్రమర అత్త చెయ్యి పట్టుకుని పై రేకు మీదికి నడిపించింది.

"ఇక్కడ పెట్టినా లోపలికి అందుతుందిలే అత్తయ్యా."

"అందకపోతే నీదే పూచీ."

మళ్ళీ రికార్డు చేస్తుంటే భ్రమర రెండుసార్లు తడబడింది. మూడోసారి తడబడకుండా చదివింది. నాలుగింటికి మస్తాను వచ్చి విన్నాడు, సౌండు పెంచి మళ్ళీ విన్నాడు. హెడ్‌ఫోన్లు తియ్యకుండానే, "శుక్రవారానికి ఎరువుల కొట్టు ప్రకటన ఒకటుంది వదినా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆటో మా వీధిలోకి వచ్చింది. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి..." సీతారావమ్మ అరుగు మీద కూర్చుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ ఆపి, "మా కోడలే" అని చెబుతోంది. ఆ కోడలు తలుపు వెనక నిలబడి చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. అందరూ ఆ గొంతు విన్నారు. నేనొక్కదాన్నే గొంతు వెనక ఏముందోనని చెవులు రిక్కించి విన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా విన్నాను. ఎక్కడా నేను లేను. ఇన్నేళ్ళలో ఇంత బాగా పని చేసింది ఇదే మొదటిసారి.