తలుపు పక్కన నీలం సంచి

మా బీరువా తలుపు మూయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నేను భుజంతో నెడితే మా ఆయన తాళం తిప్పాలి. స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీని నేను, గుడ్డ పారేయడానికి చేతులు రావు. బయటికి వేసుకున్నది పాతబడితే ఇంట్లోకి, ఇంట్లోది చిరిగితే వంటింట్లో మసిగుడ్డకి, అక్కణ్ణుంచి నేల తుడవడానికి. మా ఇంట్లో చొక్కా రిటైరయ్యేసరికి మనిషే రిటైరవుతాడు. అలాంటిదాన్ని ఒక ఆదివారం పొద్దున్నే నడుం బిగించి బీరువా ఖాళీ చేయడానికి కూర్చున్నానంటే కారణం మా మేనకోడలు.

దాని తల్లి, అంటే మా మరదలు, బస్సు నడిపేది. జబ్బు చేసి పోయింది. మా తమ్ముడు ఓడలో పనిచేస్తాడు, నెలల తరబడి నీళ్ళమీదే ఉంటాడు. పిల్ల పెద్దమ్మ ఇంట్లో కొన్నాళ్ళు, పిన్ని ఇంట్లో కొన్నాళ్ళు, ‘సెలవులయ్యేదాకా’, ‘ఇల్లు మారేదాకా’ అంటూ తిరిగి తిరిగి చివరికి మా ఇంటికొచ్చింది. ఇక ఎక్కడికీ పంపేది లేదని మేమిద్దరం గట్టిగా అనుకున్నాం. ఆ మాట పిల్లకీ చెప్పాం. “సరేనండి” అంది, ఆఫీసులో దరఖాస్తు తీసుకున్నట్టు.

వెంట తెచ్చుకున్న బట్టల సంచి మాత్రం ఖాళీ చేయలేదు. రోజూ అందులోంచే బట్టలు తీసుకునేది. ఉతికి ఆరినవి మడిచి మళ్ళీ అందులోనే పెట్టుకుని, వీధి తలుపు పక్కన గోడకి ఆనించేది. అడుగున వాళ్ళమ్మ డ్యూటీలో వేసుకున్న జర్కిన్ ఉండేది. “లోపల పెట్టుకోవే తల్లీ” అంటే, “బీరువాలో చోటు లేదు కదా అత్తయ్యా” అనేది మర్యాదగా. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండేది. పిల్లమీద కాదు, దానికి అంత మర్యాద నేర్పిన ఇళ్ళమీద. ఏం చేసైనా సరే, ఆ సంచి ఖాళీ చేయించాలని నా పంతం.

పిల్లని మంచం మీద కూర్చోబెట్టి, ఏది ఉంచాలో ఏది పాతబట్టలు తీసుకునేవాళ్ళకి పంపాలో నువ్వే తేల్చమన్నాను. ఏదడిగినా బాగా ఆలోచించి ఒక్క ముక్కలో చెబుతుందని మా ఆయన దానికి జడ్జిగారని పేరు పెట్టాడు.

ముందుగా ఆయన గళ్ళ చొక్కా ఎత్తి చూపించాను.

“దీని కాలర్ ఎన్నిసార్లు తిరగేశారు?”

“గుర్తులేదు.”

“పంపించేయండి.”

“మరి ఈ ప్యాంటు?”

“అది నా పెళ్ళినాటిది!” అంటూ మా ఆయన అడ్డం పడ్డాడు. “కాస్త ఒళ్ళు తగ్గితే చక్కగా పడుతుంది.”

“తగ్గుతారా మామయ్యా?” అంది పిల్ల. ఆయన పొట్ట నిమురుకుని మెల్లగా జారుకున్నాడు.

నవ్వుతూనే నా వంతుకొచ్చాను. అడుగున ఎర్ర కోటు బయటపడింది. పని నేర్చుకునే రోజుల్లో ఎవరి సాయం లేకుండా కుట్టిన మొదటి కోటు. కుడిచేయి ఎడమదానికన్నా ఒకింత పొట్టి. ఇప్పుడది నా భుజాలకి ఎక్కనే ఎక్కదు.

“దీన్ని మాత్రం అడక్కు” అన్నాను.

జడ్జిగారు చాలాసేపు దాన్నే చూసింది. “చలికి ఎవరైనా వేసుకుంటారు కదా అత్తయ్యా.”

నాకు చురుక్కుమంది. నిన్నగాక మొన్నొచ్చి నాకు చెబుతావా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. కోటు మడిచి, పంపే బట్టల సంచిలో కుక్కాను.

ఆ సంచులన్నీ యూనిఫారాల్లో మిగిలిన నీలం గుడ్డతో నేను కుట్టినవే. మా ఇంట్లో దిండు గలీబులూ అదే గుడ్డ, కుట్టుమిషన్ ముసుగూ అదే గుడ్డ. పిల్ల పాత సంచి జిప్పు పాడైతే, కొత్తదీ దాంతోనే కుట్టిచ్చాను. నిండిన సంచుల్ని నిండినట్టే మా ఆయన వీధి తలుపు పక్కకి చేరవేశాడు. ఆయనది పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. తలుపు పక్కన పెట్టింది ఏదైనా సరే బయటికి వెళ్ళాల్సిందే, అదీ ఆయన లెక్క. పాతబట్టలు తీసుకునేవాళ్ళ వ్యాను రాగానే వరసపెట్టి ఎక్కించేశాడు.

కాసేపటికి పిల్ల స్నానానికి బట్టలు తెచ్చుకుంటానని వెళ్ళి, ఎంతకీ రాలేదు. చూస్తే ఖాళీ గోడ ముందు నిలబడి ఉంది.

“నా సంచి కూడా పంపించేశారా అత్తయ్యా?” అంది. ఏడవలేదు, అరవలేదు. ఎప్పటికైనా జరిగేదే అన్నట్టు అడిగింది. “మరి నేనెప్పుడు వెళ్ళాలి?”

“ఏమండీ!” అని నేను పెట్టిన కేకకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. మా ఆయన పరుగున వచ్చి గోడవైపు చూసి తెల్లబోయాడు. “అన్నీ ఒకే గుడ్డ కదా… తలుపు పక్కనే ఉంది కదా…”

“తలుపు పక్కన నుంచుంటే నన్నూ పంపించేసేవారే!” అని ఆయన మీద విరుచుకుపడి, పిల్ల భుజం పట్టుకున్నాను. “నువ్వెక్కడికీ వెళ్ళవు. చెప్పులేసుకో. ముగ్గురం వెళ్ళి నీ సంచి తెచ్చుకుందాం.”

పాతబట్టలు తీసుకునేవాళ్ళ దగ్గర పెద్ద గదిలో పొడవాటి బల్లల మీద బట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మా సంచులన్నీ ఖాళీ అయి ఒక మూల పడున్నాయి. పిల్ల గౌన్లన్నీ ఒక్కచోటే దొరికాయి, దాని సంచిలోనే మళ్ళీ వేశాం. జర్కిన్ లేదు. “అది పనిబట్టల్లో వేశానమ్మా” అంటూ బట్టలు వేరుచేసే ఆవిడ గది చివర పెద్ద గుట్ట చూపించింది. ముగ్గురం దానిమీద పడ్డాం. పాపం మా ఆయన మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్కటే దులిపి చూశాడు. చివరికి చేతిమీద తెల్ల పట్టీ ఉన్న జర్కిన్ పైకెత్తాడు.

పిల్ల దాన్ని లాక్కుని గుండెలకి హత్తుకుంది. తర్వాత ఆయనవైపు తిరిగింది. “అడగాలి కదా మామయ్యా! అడక్కుండా ఎలా పంపిస్తావు? కళ్ళు కనిపించవా?” అని గదంతా అదిరేలా అరిచి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ అరుపులో మర్యాద మచ్చుకైనా లేదు. ‘మీరు’ కూడా ఎగిరిపోయింది. మా ఆయన చెంపలేసుకుంటున్నాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి పిల్ల మా ఇంటి పిల్లలా కోప్పడింది.

బయటికొస్తుంటే, కావలసినవాళ్ళు బట్టలు ఏరుకునే చోట అద్దం ముందు ఎవరో అమ్మాయి నా ఎర్ర కోటు వేసుకుని, కుడిచేయి కిందికి లాక్కుంటోంది. “తెచ్చేసుకుందామా?” అన్నాడు మా ఆయన రహస్యంగా.

“వద్దు, భుజాలు బాగా కుదిరాయి” అన్నాను. దిగులుగానే ఉంది, కాదనను. కానీ బీరువాలో ఆ చోటు ఇంకొకరిది.

ఇంటికి రాగానే పిల్ల తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళింది. “హ్యాంగర్ ఇవ్వు అత్తయ్యా” అంది. ముందు జర్కిన్ తగిలించింది. తర్వాత గౌన్లు, మేజోళ్ళు, అన్నీ సర్దింది. నేను సాయం చేయబోతే చేయి తోసేసింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఖాళీ అయిన నీలం సంచిని మడిచి తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టింది.

“నాకింక అక్కర్లేదు మామయ్యా. ఎవరికైనా ఏమైనా పంపాలంటే వాడుకో.”

ఆయన అలవాటు కొద్దీ దాన్ని తలుపు పక్కన పెట్టబోయి, ఆగి, జడ్జిగారి ముఖం చూశాడు.

“అక్కడ వద్దు” అంది.