రెండు పక్కలా మొదటి పేరే

"ట్యాబు పిల్లోల్లు బొమ్మలు సూసుకునేదానికి షాహీదా, కరపత్రం చేసేదానికి కాదు," అన్నాడు సత్తార్ మామ.

ప్రొద్దుటూరులో ఆయనది డీటీపీ షాపు. నేను తొమ్మిదిలో ఉండగా వర్గాల కొట్లాటలో మా ఊళ్లో బాంబులు పడి బస్సు ఆగింది, దాంతో నా చదువూ ఆగింది. తెలుగు టైపింగు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు చంకలో ఆరు నెలల పాప దిల్షాద్. రోజంతా షాపులో కూర్చోలేను. ఇంటి నుంచి చేస్తానంటే మామ ఒప్పుకోడు. ఎన్నికల లోపు ఏదో ఒకటి తేలకపోతే నా కుర్చీలోకి ఇంకొకరు వస్తారు.

షాపులోని తెలుగు సాఫ్ట్‌వేరు పాతది. ఆ ఫైలును ఫోన్లోనో మామూలు ట్యాబులోనో తెరిస్తే తెలుగు రాదు, డాలరు గుర్తులూ చుక్కలూ వస్తాయి. అందుకే కువైట్‌లో ఉన్న నా భర్త ఉస్మాన్, కంప్యూటర్లో ఉండే విండోసే మొత్తంగా ఉన్న పాత ట్యాబు వెతికి పంపాడు. బరువెక్కువ, వేడెక్కుతుంది, ఛార్జింగు నిలవదు. మెనూలు చీమలంత. వేలితో కుదరదు, మౌసు తగిలించాల్సిందే.

సంజీవయ్య, యల్లయ్య పదేళ్లు కొట్టుకున్న రెండు వర్గాల పెద్దలు. ఇప్పుడు ఒకే పార్టీ. వాళ్ల పులివెందుల సభ కరపత్రంలో, యల్లయ్య పంపిన కాగితం ముందు అందిందని ఆయన పేరే ముందు కొట్టాను. మా వైపు అంతకు మించిన తప్పు లేదు. సంజీవయ్య మనిషి ప్రూఫు చింపి మామ బల్ల మీద పడేసి పోయాడు. రెండు గంటలకు ప్రింటింగు మొదలవ్వాలి. ఇద్దరూ జమ్మలమడుగులో పార్టీ సమావేశంలో ఉన్నారు. కళ్లతో చూడనిదే ఇద్దరూ నమ్మరు. కంప్యూటరును మోసుకుపోలేం.

"నేను పోతా మామా. ఈ ట్యాబు పనికొస్తే ఇంటికాడే చేస్తా. రాకుంటే నీ ఇష్టం."

జమ్మలమడుగు కల్యాణమండపంలో ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు. మధ్యలో ఖాళీ కుర్చీలు.

"ఏందిమ్మే, బిడ్డనెత్తుకొని సినిమా సూపిచ్చను వచ్చినావా?" అన్నాడు సంజీవయ్య.

ఫైలు తెరిచాను. ప్రతి ఒత్తూ దాని చోట ఉంది. ఆయన పేరు పైకి జరిపి యల్లయ్య దగ్గరికి పోయాను.

"వాని కింద నేనా?"

పేర్లు పక్కపక్కన పెట్టాను.

"ఎడమపక్కోడే ముందు గదా. నాకు సదువు రాదనుకుంటివా?"

అట్లా ఆరు తిరుగుళ్లు. ఛార్జింగు పదకొండు శాతానికి దిగింది. ఛార్జరు షాపులోనే మరిచాను. మధ్య కుర్చీలో కూర్చున్నాను. మామ బల్ల మీంచి నేను సంచిలో వేసుకొచ్చిన చిరిగిన ప్రూఫును దిల్షాద్ లాగి తిరగేసింది. వెనకంతా తెలుపే.

తొడ మీద మౌసు జరుపుతూ ఆ పేజీకి ఇంకో కాపీ చేశాను. ఒక దాంట్లో ఈయన పేరు ముందు, ఇంకో దాంట్లో ఆయన పేరు ముందు. అప్పటికి ఛార్జింగు నాలుగు శాతమే మిగిలింది.

"అప్పా, ఇద్దరూ ఈడికే రండి," అన్నాను. "నేను ఇంగో మూలకు పొయ్యేలోపు ఇది ఆరిపోతాది. ఆరితే కరపత్రం లేదు."

ముందు యల్లయ్య లేచాడు. ఆయన లేచాడని సంజీవయ్య వెంటనే లేచాడు. మధ్య కుర్చీలో నేను, చెరో పక్క వాళ్లు.

"రెండు పక్కలా అచ్చేస్తాం. మాటలు, బొమ్మలు అవే. పేర్లే అటూ ఇటూ."

"యా పక్క మొదటిది?" అన్నాడు సంజీవయ్య.

"నీ చేతిలో యా పక్క పైకుంటే అదేప్పా."

యల్లయ్య మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "పదేండ్లు పంచాయితీ చేసినోల్లకు తోచలేదు గదరా ఇది," అన్నాడు. ఆ 'రా' సంజీవయ్యకే. ఆయన కోప్పడలేదు. "కొట్టియ్యి పాపా," అన్నాడు నాతో.

అక్కడి నుంచే మామకు పంపాను; ఫైలు వెళ్లిందని కనబడిన మరుక్షణం తెర నల్లబడింది.

రెండుకు ఐదు నిమిషాలుండగా మామ ఫోన్ చేశాడు. వెనక ప్రింటింగు మిషను మోత.

"ఒక్క అక్షరం చెదరలేదమ్మా. రేపట్నుంచి ఇంటికాడే చేసుకో." మళ్లీ ఆయనే అన్నాడు: "ఉస్మానుకు సెప్పి అట్లాంటిది నాకూ ఒకటి తెప్పిచ్చు. బ్యాటరీ రొంత మంచిది."