రాజీనామా ఇస్తేనే అమ్ముకోవచ్చు

పంగ్యోలోని మా మందుల కంపెనీ షేర్ మార్కెట్‌కెక్కిన మొదటి వారంలోనే నాకు మనశ్శాంతి కరువైంది. ఉద్యోగులందరం అప్పు చేసి నలభై వేల వాన్ల చొప్పున కొన్న షేరు లక్షా ఇరవై వేలకు చేరింది. చుట్టాలంతా మేం కోటీశ్వరులమైపోయామనుకున్నారు. కాని ఏడాది దాకా మేం అమ్మడానికి లేదు. ఉద్యోగం మానేసిన వాళ్లకు మాత్రం నెల తిరక్కుండా షేర్లు చేతికొస్తాయి.

దాంతో రాజీనామాలు మొదలయ్యాయి. సిబ్బంది వ్యవహారాలు చూసేది నేనే కాబట్టి అవన్నీ వచ్చి పడేది నా బల్ల మీదే. సోమవారం రెండు, బుధవారం ఐదు. లోపలివాళ్లే పారిపోతున్నారని పత్రికల్లో వచ్చిన రోజు ధర పది వేలు పడింది. ఎవరి చేతిలో కాగితం కనిపించినా వెంటనే ఫోన్‌లో ధర చూసుకునేదాన్ని. నావీ ఆరు వందల షేర్లున్నాయి మరి! పోనీ నేనే మానేద్దామంటే, నలభై ఆరేళ్ల ఆడదానికి మళ్లీ ఉద్యోగం ఎవడిస్తాడు?

శుక్రవారం ప్యో తెక్‌సు రాజీనామా కాగితం పట్టుకుని వచ్చాడు. మందు కోసం జీవకణాలు పెంచే గదిలో అతని చెయ్యి పడనిదే పని నడవదు. అతను కూడా పోయాడంటే పత్రికలకు పండగే. కిమ్చి పులుసు తిందాం రమ్మని బయటికి లాక్కెళ్లాను.

“మానేస్తానక్కా. అమ్మేసి ఇల్లు కొనుక్కుంటా. రెండేళ్లకోసారి అద్దిల్లు మారుతూ సామాన్లు సర్దలేక మా ఆవిడ ఏడుస్తోంది.”

“పిచ్చివాడా, వారానికే ఇంత పెరిగిందంటే ఏడాదికి ఎంతవుద్దో ఆలోచించు. తొందరపడి పోయినోళ్లంతా రేపు జుట్టు పీక్కుంటారు చూడు.”

“మరి నువ్వు?”

“నేనా? చచ్చినా కదలను.”

 అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి గాని నాకు ముద్ద దిగలేదు.

ఆ తర్వాత ధర రోజుకింత చొప్పున జారింది. కొత్త మందు పరీక్షలు వాయిదా పడ్డాయి, పెద్ద పెట్టుబడిదార్లు అమ్ముకుని వెళ్లిపోయారు. ఏడాది గడువు తీరిన రోజున షేరు పదిహేడు వేలు. ఇక రాజీనామా ఇచ్చేవాడే లేడు.

మరుసటి నెలలో తెక్‌సుకు బూసాన్‌లో ఇంతకన్నా మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్లాలంటే కంపెనీ పూచీ మీద తీసుకున్న షేర్ల అప్పంతా ఒక్కసారే కట్టాలి. షేర్లమ్మినా సగం కూడా తీరదు, మిగతాది ఎక్కణ్ణుంచి తెస్తాడు? రాలేనని చెప్పేశాడట. ఆ సంగతి విన్నాక నేను ఉండబట్టలేక అతని గదికి వెళ్లాను.

“తెక్‌సూ, ఆ రోజు నిన్ను ఆపింది నీ మంచికి కాదురా. నువ్వు పోతే నా షేర్లు పడిపోతాయని.”

“ఆ మాత్రం తెలీదా అక్కా నాకు?”

“తెలిసీ ఎందుకాగావు?”

అతను చేతి తొడుగులు తీసి బుట్టలో పడేశాడు.

“కాగితాలన్నీ నీ దగ్గరికే వస్తాయి కదా. అన్నీ చూసి కూడా నువ్వు కదలట్లేదంటే, లోపలి మంచి కబురేదో నీకు తెలిసే ఉంటుందనుకున్నా.”

నాకే కబురూ తెలియదు. భయంతో కదల్లేక కూర్చున్నాను, అంతే.