ఎర్రనీళ్ళు

"కెమిస్ట్రీ సదివితే పప్పు బేగి ఉడుకుతాదేటి?" అన్నాడు అర్జునరావు, కంచంలోంచి తలెత్తకుండానే.

తాయారు నవ్వి ఊరుకుంది. ఈ మధ్య ఆమె అన్నిటికీ నవ్వి ఊరుకుంటోంది, ఒళ్ళు మండినప్పుడు మరీను. పెళ్ళితో ఆగిపోయిన చదువును, పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలెట్టాక మళ్ళీ పట్టుకుని ఆడపిల్లల కాలేజీలో ఇంటర్‌లో చేరింది. ఊళ్ళో స్టీలు ప్లాంటు వస్తుందట, అందులో ల్యాబులుంటాయట, వాటిలో ఆడవాళ్ళకీ ఉద్యోగాలిస్తారట. మొగుడికి చెప్పిన కారణం అది. పోర్టు ఆఫీసులో గుమాస్తా కాబట్టి ఉద్యోగం అంటే అతనికి అర్థమవుతుంది. అసలు కారణం వేరు. తాళి, ఇల్లు, పిల్లలు అన్నీ ఎవరో ఒకరు ఆమె చేతిలో పెట్టినవే. ఈ ఒక్కటి తను కోరి తెచ్చుకున్నది. ఇంట్లో పనికి లోటు రాకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాడు అర్జునరావు. లోటు రానివ్వలేదు మహాతల్లి. వన్ టౌన్ సందులో కుళాయి దగ్గర వరసకట్టి, వండి, వార్చి, అత్తగారి మోకాళ్ళకి నూనె పట్టించి, అప్పుడు కాలేజీకి పరుగెత్తేది. ఇత్తడి బిందె చింతపండుతో తోముతూ ఆమ్లాల పేర్లు వల్లెవేస్తుంటే, "మంత్రాలేటే అవి?" అనేది అత్తగారు సన్యాసమ్మ.

ఆ ఆమ్లాల దగ్గరే మొదట్లో కాలేజీ ల్యాబులో పరువు పోయింది. ఫ్లాస్కులో ఆమ్లం, అందులో క్షారం ఎక్కువైతే రంగు తేలే మందు రెండు చుక్కలు, పైన బ్యూరెట్ అనే సన్నటి గాజు గొట్టంలో క్షారం. చుక్కచుక్కగా వదులుతూ, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు వచ్చి నిలవగానే ఆపెయ్యాలి. తాయారు ఆపలేదు. రంగు చిక్కబడేదాకా వదులుతూనే ఉంది. దమయంతి మేడం వచ్చి చూసి, "ఎప్పుడో దాటిపోయిందమ్మా, ఇంకా ఎందుకు పోస్తున్నావు?" అంది.

"ఎర్రనీళ్ళలాగ రావాలేమో అనుకున్నానండి."

క్లాసంతా గొల్లుమంది. తాయారు చెవులు వేడెక్కాయి. పురుళ్ళకీ పెళ్ళిళ్ళకీ పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి దిష్టి తీసీ తీసీ, రంగంటే అంత ఎరుపు ఉండాలని ఆమె కంటికి అలవాటైపోయింది. మేడం మాత్రం నవ్వలేదు. మర్నాడు గాజు గిన్నెలో పసుపు నీళ్ళు తెచ్చి, తాయారు చేత చిటికెడు సున్నం వేయించింది. "సున్నం క్షారం. పసుపుకి క్షారం తగిలితే రంగు మారుతుంది. దాని గుణం అది," అంది. "వేసింది నువ్వా నేనా అని అది చూడదు."

ఆ మాట తాయారు ఇంటిదాకా మోసుకొచ్చింది. ఎవరి చెయ్యి అని చూడనిది ఈ లోకంలో ఒకటుందా అని ఆమెకి ఎంత ఆశ్చర్యం వేసిందో!

ప్రాక్టికల్ పరీక్షకి ముందురోజే మరిది గవర్రాజు పెళ్ళి వచ్చిపడింది. తుని దగ్గర ఆడపెళ్ళివారి ఊళ్ళో పెళ్ళి. మొగుడు పోయినదాన్ని పీటల దగ్గరకి ఎందుకని సన్యాసమ్మ తనంతట తనే ఆగిపోయింది, కన్నకొడుకు పెళ్ళికి. ఆవిడకి తోడుగా తాయారు ఉండిపోయింది.

"రేపు మద్దేన్నం పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ గుమ్మంలోకి వత్తారు. పెద్దకోడలివి, ఎర్రనీళ్ళు నువ్వే తియ్యాల," అన్నాడు అర్జునరావు బయల్దేరుతూ.

"రేపు పొద్దున్న నా పరీచ్చండి. అయిన ఎంటనే వచ్చేత్తాను."

"పరీచ్చ మల్లీ పెడతారు. నా తమ్ముడు మల్లీ పెళ్ళి సేసుకుంటాడేటి?"

ఈసారి తాయారు నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే పెళ్ళివంట వండి మూతలు పెట్టి, పళ్ళెం, పసుపు, సున్నం డబ్బా గుమ్మం పక్కన పెట్టింది. "నాను రావడం ఆలీసమైతే నువ్వు కలిపి తీసెయ్యి అత్తా," అంది.

"నానా? నా సెయ్యి పడకూడదే తల్లీ!" సన్యాసమ్మ అడుగు వెనక్కి వేసింది.

తాయారు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. రిక్షా ఎక్కాక సందు మలుపుదాకా ఇంటివైపే చూసింది. వెనక్కి తిప్పమనలేదు.

ల్యాబులో ఫ్లాస్కు మీదికి వంగి చుక్క, చుక్క వదిలింది. లేత గులాబీ. ఊపింది. పోలేదు. ఇంకొక్క చుక్క అని వేలు కదలబోయింది. ఆపేసింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమె వేసిన లెక్క చూసి "కరెక్ట్" అన్నాడు. తన పనిని చూసి ఎవరైనా ఆ మాట అని ఎన్నేళ్ళయిందో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

ఆమె వచ్చేసరికి సందు మొదట్లో పెళ్ళి వ్యాను ఆగి ఉంది. గుమ్మం ముందు ఎండలో కొత్త జంట నిలబడి ఉంది. వెంట వచ్చిన ముత్తయిదువలు, పెద్దకోడలుండగా మేం తియ్యకూడదని చేతులు కట్టుకుని చోద్యం చూస్తున్నారు. అర్జునరావు చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పచ్చటి పసుపు నీళ్ళు. నీళ్ళలో పసుపు గుమ్మరించి తిప్పుతూనే ఉన్నాడు పాపం, ముంజేతులదాకా పసుపు.

"వచ్చావా! ఇంతమందిలో నా పరువు తీసేత్తావేటి? ఇదెందుకు ఎర్రబడదే?"

"సున్నం ఏసేరా?"

అర్జునరావు తెల్లబోయాడు. పుట్టినప్పటినుంచీ ఎర్రనీళ్ళు తన ముందు తిరుగుతూనే ఉన్నాయి, అందులో ఏముంటుందో ఏనాడూ అడగలేదు. పక్కింటి కాశమ్మ కిసుక్కుమంది. తాయారు లోపలికి చూసింది. తలుపు చాటున సన్యాసమ్మ, చేతిలో సున్నం డబ్బా. ఎంతసేపటినుంచి పట్టుకుందో, ఆవిడకి అన్నీ తెలుసు. బయటికి రావడం ఒక్కటే తెలీదు.

తాయారు మొగుడి చేతిలోంచి పళ్ళెం తీసుకుని, ఆ తలుపు దగ్గరకి వెళ్ళింది.

"ఎయ్యి అత్తా."

"అమ్మ ఎయ్యకూడదు!" అన్నాడు అర్జునరావు. ముత్తయిదువలు గుసగుసలాడారు.

సన్యాసమ్మ డబ్బా మూత తీసింది. గుమ్మంలో నిలబడ్డ చిన్నకొడుకుని చూసింది. చిటికెడు సున్నం తీసి పళ్ళెంలో వేసింది. తాయారు వేలితో తిప్పింది. పచ్చటి నీళ్ళు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి, ఎప్పటిలాగే, అంతే ఎరుపు.

తాయారు పళ్ళెం అత్తగారి చేతుల్లో పెట్టి, అందరికీ వినబడేలా అంది:

"సూసేరా? ఎవరేసినా ఎర్రగానే అవుతాది. పద అత్తా, నీ కొడుక్కి నువ్వే తియ్యి."